అన్న గిటారుకు కొత్త పికప్

మా అన్న పాటగట్టి పాఠాలు చెప్పే అయ్యవారు. గుడియాత్తంలో మా వీధి చివర ఒక చిన్న బడి ఉండేది. అందులో అన్నీ అరవ తరగతులే, ఒక్క గది మాత్రం తెలుగు పిల్లలకు. ఆ గది అన్నది. ఎక్కాలు, గుణింతాలు, నెలల పేర్లు అన్నీ రాగం తీసి నేర్పేవాడు. ఆదివారం చర్చిలో కూడా ఆయన గొంతే ముందు లేచేది. మా నాయన లుంగీలు నేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది, ఇద్దరికీ అక్షరం రాదు. అన్నను చిన్నప్పుడే చిత్తూరులో మేనత్త ఇంట్లో పెట్టి తెలుగు చదివించినారు. నా వంతు వచ్చేసరికి రాష్ట్రాలు విడిపోయినాయి. చిత్తూరు ఆంధ్రలోకి పోయింది, మేము మద్రాసు రాష్ట్రంలో మిగిలిపోయినాము. తెలుగు గదిలో పిల్లలు తగ్గిపోతా ఉంటే, "దీన్ని అరవంలో వేస్తే రేపు ఏదో ఒక పని దొరుకుతుంది" అని నాయన నన్ను పక్క గదిలో కూర్చోబెట్టినాడు.  ఆ సాయంత్రం అన్న అన్నం తినలేదు.

నాకు పన్నెండేండ్లప్పుడు అన్నకు దగ్గులో రక్తం పడింది. వేలూరుకు తీసుకుపోతే డాక్టరమ్మ చూసి క్షయ అని చెప్పింది. దినమూ సూది వేయించుకోవాల, బాగా తినాల, పడుకోవాల. బడికి పోకూడదు. పాడకూడదు. మిగతావన్నీ ఒప్పుకున్నాడు గానీ పాడొద్దనే మాట మాత్రం అన్నకు మింగుడు పడలేదు. అమ్మ ఆయన కంచం, చెంబు వేరు చేసింది. ఆయన తిన్నెమీద కూర్చుని నోరు కదిలించేవాడు, గొంతు మాత్రం రానిచ్చేవాడు కాదు.

ఒకసారి పరీక్ష చేయించుకుని తిరిగొచ్చేటప్పుడు కాట్పాడిలో ఒక రైల్వే దొర ఇంటి సామాను అమ్మేస్తా ఉండినాడు. ఆంగ్లో ఇండియన్ కుటుంబం, ఇంగ్లండు సీమకు పోతా ఉన్నారు. అన్న అక్కడ ఒక ఎలక్ట్రిక్ గిటారు చూసినాడు. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కుకడ్డీ జరుపుతా వాయించే రకం. దాంతోబాటు కరెంటుతో పనిచేసే ఒక స్పీకరు పెట్టె. దాన్ని మోసుకుని రైలు దిగొస్తే అమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఊపిరి ఖర్చు లేకుండా పాడొచ్చు మ్మా దీంతో" అన్నాడు అన్న.

అమ్మ లేచి ఆ పెట్టెకు మూలన చోటు చేసింది.

నిజంగానే అది పాడేది. ఇంట్లో ఉండే ఒకే ఒక కరెంటు దీపం దగ్గర్నుంచి వైరు లాగి, మధ్యాహ్నాలు వాయించేవాడు. కడ్డీ జరిగితే మనిషి గొంతు మాదిరి వంగేది. బీడీలు చుట్టే ఆడోళ్లు చాటలు తీసుకొని మా వాకిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. అన్న ముఖంలో మళ్లీ రక్తకళ కనబడింది.

రెండు నెలలు అట్ల గడిచినాయి. ఒక దినం వాయిస్తా వాయిస్తా ఆపినాడు.

"పాపా, ఈ సన్న తీగలు సరిగా పలకడం లేదు కదా?" అన్నాడు.

నాకు బాగానే వినిపించింది. ఎప్పటి మాదిరే ఉండింది. కానీ ఇంట్లో నన్ను ఎవురూ ఏ విషయంలోనూ అడిగేవాళ్లు కాదు. అన్న అడిగినాడు, అదీ సంగీతం గురించి. ఆయనకు తెలిసింది నాకు తెలియలేదని చెప్పేకి సిగ్గయింది.

"అవున్నా, సరిగా పలకలా" అన్నాను.

"పెట్టెలో ఈల మాదిరి వస్తా ఉండాది. అది?"

"అది కూడా వస్తా ఉండాదన్నా."

ఆ రెండు మాటలే నేను చెప్పింది. అప్పుడప్పుడూ ఆయన నడుస్తా నడుస్తా తూలి గోడ పట్టుకునేవాడు. నీరసం అనుకున్నాము.

అన్న గిటారొక్కటి పట్టుకుని వేలూరుకు పోయినాడు. పెట్టె బరువని ఇంట్లోనే పెట్టినాడు. కోట ఎదురు సందులో రేడియోలు బాగుచేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయన మూత విప్పి చూసి, తప్పు పికప్‌లో ఉండొచ్చు అన్నాడంట. తీగల కింద అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టి ఉంటారు. తీగ అదిరితే ఆ అదురును పట్టి పెట్టెకు పంపేది అదే. పాతదైపోయింది, మద్రాసు నుంచి కొత్తది తెప్పిస్తాను, వేసే దినం పెట్టె కూడా తీసుకొని రండి అన్నాడు.

అది వచ్చేకి నెలపైన పట్టింది. ఆ నెలంతా సూదులు పడతానే ఉండినాయి.

కబురు రాగానే ఇద్దరం పోయినాము. నేను గిటారు మోసినాను, కూలాయన పెట్టె మోసినాడు. సాయిబు తీగలు వదులు చేసి, పాత పికప్ ఊడదీసి, కొత్తదాన్ని పెట్టి సన్నగా పొగ లేస్తా ఉండగా అతుకు వేసినాడు. మళ్లీ తీగలు బిగించి, "ఇప్పుడు వాయించండి సార్" అన్నాడు అరవంలో.

అన్న సన్న తీగ మీటినాడు. గంట కొట్టినట్టు మోగింది. నేను నవ్వినాను.

"లేదు. అట్లే ఉండాది" అన్నాడు అన్న.

సాయిబు మరను తిప్పి శబ్దం పెంచినాడు. అన్న మళ్లీ మీటినాడు. సందులో పోయేవాళ్లు తిరిగి చూసినారు.

"లావు తీగ పలుకుతుంది. ఇది పలకదు. ఈల కూడా పోలేదు" అన్నాడు అన్న, కొంచెం కోపంగా.

సాయిబు ఆయన ముఖం వైపు చూసినాడు. తర్వాత వంగి కరెంటు వైరు గోడలోనుంచి పీకేసినాడు. పెట్టె మీది ఎర్రదీపం ఆరిపోయింది.

"ఇప్పుడు ఈల ఉందా సార్?"

అన్న పెట్టెనే చూస్తా ఉండినాడు. "ఉండాది" అన్నాడు.

సాయిబు నా పక్క తిరిగి, మెల్లగా, "నీకు కేక్కుదా పాప్పా?" అని అడిగినాడు. నీకు వినిపిస్తుందా అని. నేను తల అడ్డంగా ఊపినాను. ఆయన మళ్లీ వైరు పెట్టి సన్న తీగ మీటినాడు. "ఇది?"

"వినిపిస్తుంది."

అన్న నా పెదాలు చూసినాడు. 

సాయిబు కూలి తీసుకోలేదు. "మొదట ఆస్పత్రికి పోండి సార్" అని గిటారు, పెట్టె తన అంగట్లోనే పెట్టుకున్నాడు. నడిచే పోయినాము. డాక్టరమ్మ రెండు కొమ్ముల ఉక్కుకడ్డీ ఒకటి కొట్టి మోగించి అన్న చెవుల దగ్గర పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసింది. ఆ సూదిమందు రొమ్మును బాగుచేస్తుంది గానీ కొందరికి చెవి నరాన్ని తినేస్తుందంట, తూలేది కూడా అందుకేనంట. "ఈల మొదలైతే వెంటనే రమ్మని మొదటి దినమే చెప్పినాను కదప్పా" అన్నది. అన్న తలొంచుకుని, "గిటారులో అనుకున్నానమ్మా" అన్నాడు.

సూది మాన్పించి వేరే మాత్రలిచ్చినారు. అయినా పోయేది పోతానే ఉండింది. పంటలు కోతకొచ్చే నాటికి లావు తీగల మాదిరి మంద్రంగా వచ్చే శబ్దాలు కూడా ఆయనకు వినబడకుండా పోయినాయి. మా గొంతులు పోయినాయి. క్షయ మాత్రం నయమైంది. బడిలో తెలుగు గది కూడా ఆ యేడే ఎత్తేసినారు. ఆ సంగతి ఆయనకు ఎవురూ చెప్పాల్సిన పని లేకపోయింది, తనే పోయి తాళం చూసొచ్చినాడు.

ఇక ఆయనతో మాట్లాడాలంటే రాయాల. ఆయనకు అరవం చదివేది రాదు. నాకు తెలుగు రాసేది రాదు. ఒకే ఇంట్లో, ఒకే భాష మాట్లాడేవాళ్లం, సైగలు చేసుకుంటా కూర్చున్నాము. ఒక వారం చూసి అన్న తన బడి పలకలలో ఒకటి తెచ్చి నా ముందు పెట్టి 'అ' రాసినాడు. ఆ యెండాకాలమంతా నేర్పినాడు. తన గొంతు తనకు వినబడక గట్టిగా అరిచి చెప్పేవాడు. వీధిలోవాళ్లు కొట్లాట అనుకునేవాళ్లు.

అక్షరాలు కూడినాక నేను ఆయనకు రాసిన మొదటి పెద్ద మాట ఇది: "ఆ దినం నాకు బాగా వినిపించింది. నేను అబద్దం చెప్పినాను."

అన్న పలక తీసుకుని చదివినాడు.  బలపం తీసుకుని, 'ద' కింద ఉన్న వత్తును చెరిపి 'ధ' వత్తు పెట్టినాడు. తర్వాత తడిగుడ్డతో పలకంతా తుడిచి నా చేతికిచ్చి, "ఇంకొకసారి రాయి" అన్నాడు.

రాసినాను. ఏడుస్తా రాసినాను. ఆయన చూసి, సరిగా ఉండాదని తలూపి, లేచి లోపలికి పోయినాడు. దాని గురించి ఆయన మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు, నన్నూ రాయనీలేదు. ఆయన నన్ను క్షమించినాడో, అప్పటికే ఆయనకు ఆ సంగతి తెలిసి ఉండినదో, నేను ఇప్పటికీ చెప్పలేను.

గిటారు కోసం మేము మళ్లీ పోలేదు. రెండేండ్లకు సాయిబే మనిషినంపి, ఎవురైనా కొంటామంటే అమ్మేయమంటారా అని అడిగించినాడు. అన్న సరే అన్నాడు. నాయన మగ్గం అన్న ఎక్కినాడు, చాలాకాలం నేసినాడు. పెండ్లి చేసుకోలేదు. నాకు ఇద్దరు బిడ్డలు పుట్టినారు. వాళ్లు నేర్చుకునే మాటలన్నీ నన్ను పలక మీద రాసి చూపించమనేవాడు. చిన్నది నోరు తిరగక తప్పు పలికితే, అది పలికినట్టే తప్పుగానే రాయాల, దిద్దకూడదు అనేవాడు.