వేళ్లు వంచినా తెగని కుట్టు

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో నేను మైదుకూరు మహిళా శిక్షణ కేంద్రంలో కుట్టుపని బోధకురాలిని. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లున్నాయి. జిగ్‌జాగ్ పాఠమంటే అమ్మాయిలకు మహా సరదా. సూది నేరుగా పోకుండా కుడికీ ఎడమకీ ఊగుతూ వేసే కుట్టు అది. చీర అంచుకు పీకో, జాకెట్టు చేతికి లేసు, గౌను మీద గుడ్డ పూలు, అన్నీ దానితోనే. గుడ్డ పీచులు రేగకుండా పట్టి ఉంచేదీ అదేనని చెబితే మాత్రం ఒక్కరి చెవికీ ఎక్కదు.

ఆ క్లాసు జరుగుతుండగానే ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు మస్తాన్ ఒకామెను వెంటబెట్టుకొని వచ్చాడు. పేరు నాగమ్మ, బద్వేలు వైపు చేనేత మనిషి. మగ్గం మీది పడుగు దారాలకు పెట్టడానికి కాచిన గంజి ఆమె కుడిచేతి మీద ఒలికింది. పుండ్లు మానాయి గాని, మచ్చ బిగుసుకుంటూ వేళ్లను లోపలికి లాగుతోంది. అది ఆగాలంటే సాగే గుడ్డతో కుట్టిన బిగుతైన తొడుగు రాత్రింబవళ్లు వేసుకోవాలి. మస్తాన్ కుట్టించిన తొడుగేమో వేళ్లు వంచినప్పుడల్లా కుట్టు దగ్గర తెగుతోంది. బయటినుంచి తెప్పిస్తే నెల పడుతుందట, అప్పటికి వేళ్లు ఇంకా ముడుచుకుంటాయని అతని భయం.

"మగ్గం పిడి పట్టుకోని లాగాల గదమ్మా. ఈ వేళ్లు ఇట్లే ముడుచుకపోతే నేనేం జేసేది? నాకు ఇంగో పని రాదు," అంది నాగమ్మ.

తొడుగు చూశాను. నేరుగా వేసిన కుట్టు. గుడ్డ సాగుతుంది, దారం సాగదు, తెగక ఏం చేస్తుంది? పైగా లోపలి మడత లేత చర్మాన్ని ఒరుస్తోంది. కొత్త గుడ్డ కత్తిరించి, రెండు అంచులను ఒకదానిపై ఒకటి వేయకుండా పక్కపక్కన ఆనించాను. సూది ఒకసారి ఈ అంచులో, ఒకసారి ఆ అంచులో దిగేలా వెడల్పు జిగ్‌జాగ్ పెట్టాను. మామూలు సూది సాగే గుడ్డకు చిల్లులు పెడుతుంది కాబట్టి మొన గుండ్రంగా ఉండేది వాడాను. బొటనవేలి మలుపు దగ్గర విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. అమ్మాయిలు చుట్టూ మూగి చూశారు.

నాగమ్మ తొడుక్కుంది. మస్తాన్ తొడుగు కొసల్లోంచి కనబడే గోళ్ల రంగు చూసి, రక్తం బాగానే ఆడుతోందని చెప్పి, నెమ్మదిగా వేళ్లు వంచమన్నాడు. కుట్టులోని వంకర్లు ఒక్కొక్కటే సాగి దాదాపు నిటారుగా అయ్యాయి. వేళ్లు విప్పగానే మళ్లీ వంకర్లు తిరిగాయి. ఒక్క దారమూ తెగలేదు. జీవితమంతా ఆ కుట్టు వేసినదాన్ని, అది ప్రాణమున్నదానిలా కదలడం ఆ రోజే చూశాను. 

"ఇది చీరలకేసే పీకోనే గదమ్మా," అంటూ నాగమ్మ చెయ్యి మూసి తెరిచి చూసుకుంటూనే ఉంది.

వదులైన కొద్దీ నేను కొత్త తొడుగులు కుట్టి ఇస్తూ ఏడాది గడిచింది. చివరిసారి ఆమె తొడుగు కోసం రాలేదు. సంచిలోంచి ఒక నూలు చీర తీసి నా మిషను మీద పెట్టింది.

"ఈ చేత్తోనే నేసినా. పీకో నువ్వే ఎయ్యాల," అంది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా జిగ్‌జాగ్ పాఠాన్ని లేసులతో, పూలతో మొదలుపెట్టలేదు. ఆ కుట్టు వేసిన సాగే గుడ్డ ముక్కను చేతికిచ్చి, ముందు లాగి చూడమనేదాన్ని.