ఓడే జట్టును నమ్ముకున్న గురువుగారు

మా గురువుగారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా వచ్చింది. పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. ముందురోజు సాయంత్రం ఇంటి ముందు చెత్తడబ్బా లోపలికి లాగుతూ కూలబడ్డారట. అంబులెన్స్ వచ్చేలోపే అంతా అయిపోయిందట. ఆ కబురు కింద అప్పటికే బోలెడు దండాల బొమ్మలున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, నా వంతు రాగానే, నిన్న ఏం పని చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో టీముకి చెప్పాను. గొంతు కూడా వణకలేదు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన నాకు బంధువు కాదు, బడిలో పాఠం చెప్పినవారూ కాదు. పదకొండేళ్ళ కిందట అమెరికాలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చి, పని నేర్పిన మనిషి. ఆఫీసులో తెలుగువాళ్ళం ఆటపట్టించడానికి గురువుగారూ అని మొదలుపెట్టాం, చివరికి అదే ఆయన పేరైపోయింది. ఆయనది కోనసీమ, నాది కరీంనగర్. ఇద్దరం న్యూజెర్సీలో, ఎడిసన్‌లోనే ఉండేవాళ్ళం కాబట్టి పొద్దున మన్‌హాటన్ వెళ్ళే రైల్లో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నా భాష మీద ఆయన, ఆయన సాగదీత మీద నేను జోకులేసుకునేవాళ్ళం. తర్వాత నేను ఆయనకే మేనేజర్‌నయ్యాను. ఆ రోజు ఓక్ ట్రీ రోడ్డు మీద స్వీట్లు కొని టీమంతటికీ పంచింది ఆయనే.

ఉద్యోగంలో చేరిన నెలలోనే నేనొక తప్పు చేశాను. నా మూలంగా కస్టమర్ల స్క్రీన్లన్నీ ఒక పూట ఆగిపోయాయి. ఎవరి పొరపాటని పైవాళ్ళు అడిగితే, కనుక్కుంటున్నాం అన్నారాయన. తర్వాత నన్ను కిందికి తీసుకెళ్ళి, కాఫీ ఇప్పించి, తాపీగా చెప్పారు. “తప్పు ఎవరిదో వాళ్ళకి ముందు చెప్పాలమ్మా. నలుగురికీ చెప్పడం తర్వాత. ఆ వరస తప్పితే మనిషి మిగలడు.” నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను. రాసుకోవడానికేం, చాలా రాసుకుంటాం.

ఇక రైల్లో ఆయన మాట్లాడేది బేస్‌బాల్ ఒక్కటే. అమెరికాలో దిగిన కొత్తలో మధ్య రాష్ట్రాల్లో ఒక ఊళ్ళో పనిచేశారు, ఆ ఊరి జట్టుని పట్టుకున్నారు, ఊరు మారినా వదల్లేదు. జట్టు పేరు రాయను, దాన్ని తిట్టడానికి దాని అభిమానులు చాలు. ఏటా ఆఖరున ఉండే జట్టు. నాలుగేళ్ళుగా రీబిల్డ్ చేస్తున్నామంటున్నారు. అంటే పేరున్న ఆటగాళ్ళని వేరే జట్లకిచ్చేసి, బదులుగా ఇంకా మీసాలు రాని కుర్రాళ్ళని తెచ్చుకుని, వాళ్ళు చేతికొచ్చేదాకా ఓడుతూ కూర్చోవడం. ఇదేం ఖర్మ, గెలిచే జట్టుని చూసుకోవచ్చు కదా అని నేనంటే నవ్వేవారు. “ఓడిపోవడం కూడా ఒక పనేనమ్మా. దాన్నీ శుభ్రంగా చెయ్యాలి.”

ఆ కుర్రాళ్ళలో ఒక్కొక్కరి మీదా ఆయనకి ఒక అభిప్రాయం ఉండేది. వాళ్ళు కింది జట్లలో చిన్న చిన్న ఊళ్ళలో ఆడే ఆటలు కూడా కంప్యూటర్‌లో చూసేవారు. రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ కుర్రాడికి చేతులు బంగారం, కానీ ఒక్కసారి బంతి వదిలేస్తే ఆ రోజంతా దాన్నే తలుచుకుంటాడు. ఎడమచేతి పిచ్చర్ విసురు చూస్తే భయమేస్తుంది, కాకపోతే వెనకాల ఎవరైనా పరుగుకి సిద్ధంగా నిలబడితే భయం వాడికే పట్టుకుంటుంది. రైట్ ఫీల్డర్ మొదటి బంతికే బ్యాట్ ఊపుతాడు, వాడికి ఆకలెక్కువ, ఓపిక తక్కువ. ప్రతి శుక్రవారం ఒక కాగితం మీద పెన్సిల్‌తో పేర్లన్నీ రాసి, పక్కన ఉంచాలి, ఆగాలి, పంపాలి అని మూడు మాటల్లో ఏదో ఒకటి రాసేవారు. పంపాలి అని రాయడం మహా కష్టంగా ఉండేది ఆయనకి. పెన్సిల్ పైకెత్తి రెండు స్టేషన్ల దాకా ఆలోచించేవారు. మనవల జాతకాలు రాస్తున్నట్టు ఏమిటండీ ఈ చాదస్తం అని నేను విసుక్కునేదాన్ని. “కుర్రాణ్ణి ఆడిన రోజు చూస్తే ఏం తెలుస్తుంది? ఆడలేకపోయిన రోజు చూడాలి” అనేవారు.

పోయిన చలికాలం ఆ జట్టు తన పాత క్యాచర్‌ని ఇంకో జట్టుకి ఇచ్చేసింది. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ అనుకోండి. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ, అతను ఎదురుగా కూర్చుంటే కుర్ర పిచ్చర్లకి ధైర్యంగా ఉండేదట. గురువుగారు బాధపడతారనుకుని నేనే ముందు తిట్టడం మొదలుపెట్టాను. ఆయన ఒప్పుకోలేదు. నేనైనా పంపేవాణ్ణే, అందులో తప్పులేదన్నారు. కానీ ఆ క్యాచర్ తనని పంపేసిన సంగతి టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకున్నాడట. “మేనేజర్ అనేవాడు వెళ్ళి పక్కన కూర్చుని, నిన్ను పంపుతున్నామయ్యా అని చెప్పాలా వద్దా? ఆ ఒక్క మాటకే కదా మేనేజర్ అన్నది.” అంతకంటే కోపంగా ఆయన మాట్లాడటం నేను వినలేదు.

రెండు నెలలు తిరిగాయి. మా డైరెక్టర్ నన్ను పిలిచి, టీములో ఒకరిని తగ్గించాలి, పేరు నువ్వే ఇవ్వు అన్నాడు. మా టీములో తొమ్మిది మంది. అయిదుగురు హెచ్‌వన్ వీసా మీద ఉన్నారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే బడికెళ్ళే పిల్లలతో సహా పెట్టె సర్దుకోవాలి. గురువుగారు తప్ప మిగతావాళ్ళు నిన్న మొన్న కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ వారంలోనే, రైల్లో, నన్ను నేను క్షమించుకోలేని పని చేశాను. వెళ్ళి ఆయన్నే అడిగాను.

“గురువుగారూ, ఊరికే అడుగుతున్న. జట్టుల అందరు పనికొచ్చేటోళ్ళే అనుకోండి. ఒక్కరిని పంపాలె. ఎవర్ని పంపుతరు?”

ఆయన నారింజపండు వలుస్తున్నారు. వలుస్తూనే నా మొహంలోకి ఒకసారి చూశారు.

“బాగా ఆడనివాణ్ణి కాదమ్మా. బయటికెళ్ళినా నిలబడగలిగేవాణ్ణి పంపాలి. కుర్రాళ్ళని ఇప్పుడు పంపేస్తే వాళ్ళకి ఇంకో జట్టు దొరకదు.”

సగం పండు నా చేతిలో పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.  నేను ఆ మధ్యాహ్నమే ఆయన పేరు పంపించాను. ఆయనకేం, ఎప్పుడో సిటిజన్ అయ్యారు, ఇంత అనుభవం ఉంది, నెల తిరక్కుండా ఇంకో ఉద్యోగం దొరుకుతుందనుకున్నాను. అనుకున్నాననడం కూడా అబద్ధమే. ఆయన వయసు వాళ్ళకి మా రంగంలో ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో రోజూ రెజ్యూమేలు చూసే నాకు తెలియదా?

ఎవరికీ ముందుగా చెప్పకూడదని ఆఫీసు నియమం. ఆ నియమం నాకెంత హాయినిచ్చిందో చెప్పలేను. ఆయన్ని తీసేసే రోజు పొద్దున కూడా ఆయన రైల్లో నా పక్కనే కూర్చున్నారు. షార్ట్‌స్టాప్ కుర్రాణ్ణి పెద్ద జట్టులోకి పిలిచారని చెప్పారు. పది గంటలకి ఆయనకి ఒక వీడియో కాల్ ఉందని, అందులో ముక్కూ మొహం తెలియని ఒకావిడ కాగితం చూసి చదువుతుందని నాకు తెలుసు. దాదాపు గంట ప్రయాణం. గంటలో ఎన్ని మాటలు చెప్పొచ్చు! నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టాను. దిగేటప్పుడు ఆయనే అన్నారు, బ్యాగ్ మర్చిపోతున్నావమ్మా అని.

మర్నాటి నుంచి నేను ఒక రైలు ముందెళ్ళడం మొదలుపెట్టాను. ఇక ఆయన రైలెక్కే పనే లేదు, అయినా ఆ పెట్టెలో ఆ సీటు చూడలేకపోయాను. రెండుసార్లు ఫోన్ చేశారు. మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టాను. ఇంటర్వ్యూలకి వెళ్తున్నారని, ఏదీ కుదరడం లేదని వాళ్ళూ వీళ్ళూ చెబితే వినేదాన్ని. జూన్‌లో ఆ షార్ట్‌స్టాప్ గురించి ఆయన దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది: “మన కుర్రాడు మొదటి హోమ్ రన్ కొట్టాడు.” దానికి నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. పదకొండేళ్ళ రుణానికి ఒక బొటనవేలు.

గుండెలో పూడికలు ఎప్పటినుంచో ఉన్నాయని డాక్టర్లు అన్నారట. ఎవరి వల్లా కాదని అందరూ నాతో అంటున్నారు. అలా అనేవాళ్ళకి పేరు ఇచ్చింది నేనేనన్న సంగతి తెలియదు. ఇది రాస్తున్నది వాళ్ళకి తెలియాలనే. నివాళి రాయమని గ్రూపులో అడిగినప్పుడు, మంచి జ్ఞాపకాలు నాలుగు ఏరి పూలదండలా గుచ్చి పంపిద్దామని కూర్చున్నాను. చేతకాలేదు. ఏ జ్ఞాపకం పట్టుకున్నా చివర నేనే నిలబడి ఉన్నాను.

పెద్దకర్మకి వెళ్ళాను గానీ జనంలో నోరు రాలేదు. తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. ఆంటీ, అంటే ఆయన భార్య, ఒక్కరే ఉన్నారు. పిల్లలిద్దరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, కూర్చోకముందే చెప్పేశాను, కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని.

“ఆంటీ, ఆయన పేరు రాసిచ్చింది నేనే.”

ఆవిడ ఉలిక్కిపడలేదు. కుర్చీ లాగి నాకు చూపించారు.

“తెలుసమ్మా. నువ్వు రైల్లో అడిగిన రోజే ఆయనకి తెలుసు. ఇంటికొచ్చి చెప్పారు. అమ్మాయికి పెద్ద కష్టం వచ్చింది, నన్నే అడిగింది, సరైన మాటే చెప్పాను అన్నారు.”

కూర్చున్నాను. మరి నాతో ఒక్క మాట అనలేదేమని అడిగాను. అడిగే హక్కు ఉన్నట్టు.

“నేనూ అన్నాను, ఫోన్ చేసి తెలుసని చెప్పెయ్యండీ అని. వద్దన్నారు. తనంతట తను వచ్చి చెబుతుంది, దాచుకునే పిల్ల కాదు అన్నారు. ఆదివారం ఆదివారం ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యమనేవారు, ఆట టైముకి వస్తావని. వేసవంతా పోశాను.”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పారంతే. ఆయన క్షమించారని మీలో ఎవరైనా నన్ను ఓదార్చబోతే దయచేసి వద్దు. ఆయన చేసింది క్షమించడం కాదు, నన్ను నమ్మడం. అయిదు నెలలు నన్ను ఉంచాలి అనే వరసలోనే ఉంచి ఎదురుచూశారు. నేను చెబుదామని బయల్దేరి, వాళ్ళింటి పక్క వీధి మలుపులో కారు తిప్పుకుని వెళ్ళిపోయిన ఆదివారాలు ఎన్నో ఉన్నాయి.

ఆంటీ వంటింట్లోకి వెళ్ళారు. ఇవాళ కూడా ఎక్కువే పోశాను, చెయ్యి అలవాటు పడిపోయింది అన్నారు అక్కడినుంచే. ఆకలి లేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కంచంలో అన్నం, బెండకాయ పులుసు, పక్కన అప్పడం పెట్టి తెచ్చారు.  తింటూనే ఉన్నాను. ఆవిడ ఎదురు కుర్చీలో గరిటె చేతిలో పట్టుకుని, నా కంచంలో కాస్త చోటు ఎప్పుడు దొరుకుతుందా, ఇంకొంచెం ఎప్పుడు వడ్డిద్దామా అని చూస్తూ కూర్చున్నారు.