దిడ్డి దగ్గర ఢాలు

ఆ ఏడు ఎండాకాలం సెలవులకు పిల్లలు కొత్త ఆట పట్టుకొచ్చారు. హైదరాబాదులో ఇంజనీరింగు చదివే నా పెద్ద మనవరాలు హాస్టల్లో నేర్చుకున్నదట. అందులో పందెం లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు, తక్కినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఏం చేయదలిచారో నోటితో చెప్పి పాచికలు వేస్తారు. పడితే దెబ్బ తగిలినట్టు, పడకపోతే తప్పినట్టు.

దానికి బోలెడు ముఖాల పాచికలు కావాలట, గద్వాలకు పోయి వెతుకుతామన్నారు. నేను సాగనివ్వలేదు. చింతపండు కొట్టగా మిగిలిన గింజలు మా ఇంట్లో ఎప్పుడూ పారేయం. అష్టాచెమ్మాకు చేసినట్టే వాటిని బండ మీద ఒక పక్క తెల్లబడేదాకా అరగదీసి ఇచ్చాను. తెల్లవి ఎక్కువ పడితే గెలుపు. దీపాలు పెట్టే వేళకు ఆట కట్టాలి, కిరసనాయిలు ఇవ్వను అని కూడా చెప్పాను.

నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. అయినా మొదటి రోజే ఆట అర్థమైంది. పల్లీలు వొలుస్తూ అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. పెద్ద మనవరాలు కథ చెప్పేది. దాని తమ్ముడిది కత్తి. ఎగిరి దూకి నరకడం, ఆయాసపడటం, మళ్లీ నరకడం. పక్కింటి పిల్లది వైద్యం. ఆయుధం పట్టదు, గాయపడ్డవాళ్లకు కట్లు కడుతుంది. నాలుగోది వనపర్తిలో ఇచ్చిన నా కూతురి బిడ్డ. పదో తరగతి రాసి వచ్చింది. అడిగితే తప్ప మాట్లాడదు.

"నువ్వేం జేస్తవే?" అన్నాను.

"ఢాలు పట్కొని ముంగట నిలవడ్త, అవ్వా."

"ఎవర్ని కొడ్తవ్?"

"ఎవర్ని కొట్ట. నా ఎనకున్నోళ్లను కొట్టనియ్య."

పల్లీలు వొలవడం ఆపి దాని ముఖం చూశాను. చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద ఒడిసెల పట్టుకుని పిట్టలను కొట్టినదాన్ని నేను. ఒక గుంపు లేచిందని దాని వెంట గట్టుదాకా ఉరికితే, వెనక నుంచి ఇంకో గుంపు కంకుల మీద వాలుతుంది. మంచె దిగకపోవడమే అక్కడి పనితనం. రాయి విసరడం ఎవరికైనా వస్తుంది. ఈ పిల్ల ఏ చేనూ కాయలేదు, ఆటలో ఎంచుకోమంటే ఆ పనే ఎంచుకుంది.

మా మనవడికి అది ఆనలేదు. సెలవుల చివరి రోజు, ఆట మొదలుపెట్టే ముందు అన్నాడు:

"ఏమే మరదలా, ఎండకాలమంత అయిపాయె, ఒక్క రాక్షసున్నన్న సంపినవా? తడిక లెక్క నిలవడ్తవ్, గంతే. ఇయ్యాల ఒక్కన్ని పడగొట్టు. లేకుంటె దసరాకు నీ జాగల మా దోస్తును తీస్కుంట."

అది చేతిలో గింజలను గట్టిగా పట్టుకుంది. వనపర్తిలో ఇంట్లో ఒక్కతే పిల్ల. ఏడాదంతా ఈ సెలవుల కోసం చూసేది. ఆటలో జాగా పోతే దసరాకు మళ్లీ నా పక్కన కూర్చుని పల్లీలు వొలవాల్సిందే.

ఆ రోజు కథలో గద్వాల కోటలాంటి కోట. పెద్ద దర్వాజ మూసేశారు, పక్కన మనిషి వంగి దూరే దిడ్డి ఒక్కటే తెరిచి ఉంది. లోపల పక్కింటి పిల్ల గాయపడ్డవాళ్లకు కట్లు కడుతోంది. ఆమె చనిపోతే అందరూ ఓడినట్టే. దిడ్డిలో మా పిల్ల ఢాలుతో నిలబడింది. మనవడు బయటికి దూకి కత్తి తిప్పాడు. గింజలు బాగా పడ్డాయి. రాక్షసులు పారిపోతున్నారని పెద్ద మనవరాలు చెప్పింది.

"రా మరదలా, ఉరుకు! ఒకడు కుంటుతుండు, వాన్ని నువ్వే పడగొట్టు!"

వాడు మోసానికి పిలవలేదు, దాని జాగా దక్కాలనే పిలిచాడు. ఆ కుంటేవాడు నిజంగా అక్కడున్నట్టే పిల్ల ఎదుట ఖాళీ నేల వైపు చూసింది.

"నేను కదల, బావా."

"నీ ఖర్మ!" అని వాడు ఒక్కడే వెంటపడ్డాడు.

పెద్ద మనవరాలు గొంతు తగ్గించింది. "గోడ సాటునుంచి ఇంకో గుంపు లేసింది. సక్కగ దిడ్డి మీదికొస్తుండ్రు."

పక్కింటి పిల్ల "అయ్యో!" అని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మా పిల్ల గింజలు వేసింది, ఢాలు నిలిచింది. మళ్లీ వేసింది, మోకాలి మీద కూలబడ్డా దిడ్డి వదలలేదు. అప్పటికి పొద్దు గుంకి గింజల్లో ఏది నలుపో ఏది తెలుపో కనబడటం లేదు. పెద్ద మనవరాలు నా వైపు చూసి, "అవ్వ ఒప్పుకోదు, రేపు పొద్దుగాలనే నాకు బస్సుంది, ఈడికే కట్టేద్దాం" అంది.

నేను లేచి లాంతరు వెలిగించి తెచ్చి వాళ్ల నడుమ పెట్టాను. వత్తి కూడా పెంచాను.

"కానియ్యుండ్రి" అన్నాను.

మా పిల్ల చివరిసారి వేసింది. అన్నీ తెల్లవే. గుంపు వెనక్కి తిరిగింది. ఈలోగా మనవడి కత్తివాడు చుట్టుముట్టబడి, నెత్తురు కారుతూ తిరిగొచ్చి దిడ్డి ముందు పడ్డాడు.

"తియ్యవే, సస్తున్న!"

"ఢాలు ఎనక్కి రా, బావా" అంది పిల్ల, కాస్త పక్కకు జరిగి. పక్కింటి పిల్ల వాడికి కట్లు కట్టింది. అందరూ బతికారు.

మనవడు కాసేపు తల గోక్కున్నాడు. "దోస్తు ఒద్దు గాని" అన్నాడు, "దసరాకు ఢాలు నేను పట్కుంట. నువ్వు కత్తి తీస్కో."

దానికి ఆ సెలవుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

"ఒక్క జాగల నిలవడ్తవా, బావా? అన్నం తినేటప్పుడన్న కుదురుగ కూసోవు."