సద్ది మూట వెనకాల మెదక్ ఖిల్లా

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తాను. మెదక్ ఖిల్లా ఎక్కాలనే ఆలోచన నాకు క్యాంటీన్‌లో పుట్టింది. అక్కడ వంట చేసే శాంతమ్మకు యాభై దాటాయి. ఒక మధ్యాహ్నం పప్పు వడ్డిస్తూ, "చిన్నప్పటి సంది క్రిస్మస్‌కు మెదక్ చర్చికి పోతున్న సారూ. పక్కనే ఖిల్లా. ఒక్కనాడు ఎక్కలే" అన్నది.

"అయితే ఈ ఆదివారమే పోదాం" అన్నాను. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే ఎనిమిది మందిమి తేలాం.

ఆదివారం పొద్దున ఐదున్నరకు బస్టాండు చేరేసరికి, లేత్ మిషన్ మీద పనిచేసే యాదగిరి చిట్కుల్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ అప్పటికే వచ్చేశాడు. శాంతమ్మ సద్ది మూటతో దిగింది. జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ, ఉడకబెట్టిన గుడ్లు.

"ఇయ్యాల ప్రార్థన తప్పుతది గదా అక్కా?" అన్నాడు యాదగిరి.

"బస్సుల చేసుకుంట. దేవుడు టికెట్ అడగడు."

సంగారెడ్డిలో చాయ్ తాగి ఏడు గంటల మెదక్ బస్సెక్కాం. జోగిపేటలో బస్సు పావుగంట ఆగితే వేడి మిర్చీలు తిన్నాం. తొమ్మిదిన్నరకు మెదక్‌లో దిగాం. ఆఖరి తిరుగు బస్సు నాలుగింటికి. అది తప్పితే సోమవారం పొద్దుటి షిఫ్టు అందరికీ పోయినట్టే. పిలుచుకొచ్చింది నేను కనుక ఆ భయం నాకే ఎక్కువ.

ఖిల్లా మొదటి ద్వారం దాకా అందరం కలిసే నడిచాం. దానికి పైనున్న సింహద్వారం దగ్గర శాంతమ్మ మెట్టు మీద కూలబడింది. మిగతావాళ్లు నవ్వుకుంటూ ముందుకు వెళ్లిపోయారు.

"మోకాళ్లు లేస్తలేవు సారూ. మీరు పోండ్రి."

నేను గడియారం చూసుకుని, "సరే, ఇక్కడే కూర్చో. దిగేటప్పుడు తీసుకుపోతాం" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది. పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి యాదగిరి మెట్లు దూకుతూ వచ్చాడు. "అక్కా, సద్ది ఏది? పైన అందరం ఆకలితోని సస్తున్నం!"

శాంతమ్మ మూటను ఒళ్లోకి లాక్కుంది. "నా తాన్నే ఉన్నది. ఇయ్య. నేను పైకొచ్చినంకనే పెడత."

యాదగిరి పగలబడి నవ్వాడు. "గట్లనా? ఇగ లే మరి!" పైకి కేకేసి అందరినీ కిందికి పిలిచాడు. తన తువ్వాల ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నాడు. పదిహేను మెట్లకోసారి కూర్చుంటూ కదిలాం. గజద్వారం దగ్గర రాతి ఏనుగుల్ని శాంతమ్మ ఎగాదిగా చూసి, "వీటికి వండాలంటే మన డేగిసాలు సాలయి" అన్నది. పరుగున పోయినవాళ్లు అంతకు ముందు ఆ ఏనుగుల్ని చూడనే లేదట.

పైకి చేరేసరికి ఒంటిగంట. గాలి కొడుతోంది. కింద పొలాలు, చెరువు, వాటి మధ్య చర్చి శిఖరం. శాంతమ్మ మూట విప్పలేదు. గోడ పట్టుకుని చర్చి వైపే చూస్తూ నిలబడింది.

"ఆడనే మా అమ్మ బండి దిగి పొయ్యి పెట్టేది. నేను తలెత్తి ఇటే సూసేదాన్ని" అని కళ్లు తుడుచుకుంది. "ఇగ కూసోండ్రి, రొట్టెలు సల్లగయినయి."

ఖిల్లాకు వెళ్లదలచినవారు తాగునీళ్లు కింద నుంచే మోసుకుపోవాలి. దిగడానికీ ఎక్కినంత సమయం ఉంచుకోవాలి. మేం ఉంచుకోలేదు. బస్టాండులోకి అడుగుపెట్టేసరికి బస్సు కదిలింది. యాదగిరి రెండు చేతులూ చాపి ఎదురుగా నిలబడ్డాడు. కండక్టర్ తిట్టుకుంటూనే అందరినీ ఎక్కించుకున్నాడు.

దారి పొడుగునా, ఎవరెక్కినా శాంతమ్మ, "మేం ఖిల్లా ఎక్కొచ్చినం" అని చెబుతూనే ఉంది. నాకు ఆ ప్రయాణమంతటిలోకీ అదే బాగా గుర్తుండిపోయింది. జోగిపేటలో ఎక్కిన ఒక పెద్దాయన తల ఊపి, "నేను మెదక్‌లనే పుట్టిన. గిప్పటిదాంక ఎక్కలే బిడ్డా" అన్నాడు.

"మోకాళ్లు నొస్తయా తాతా?" అని అడిగింది శాంతమ్మ.

"శానా నొస్తయి."

"నాయి గూడ నొస్తయి" అన్నది, జరిగి ఆయనకు చోటిస్తూ. "ఎక్కొచ్చు."