ఊఁ కొట్టేవాళ్ళు లేని చోట

బుజ్జమ్మకు ఇరవై దాటాయి. అక్షరాలు ఆమెకు ఏనాడూ కొరుకుడు పడలేదు గానీ, చేతులు మాత్రం చెప్పిన మాట వింటాయి. నేర్చుకోవడంలో వెనకబడ్డ పిల్లలకు పని నేర్పే కేంద్రంలో దుప్పట్లు మడవడం నేర్పారు. మూలకు మూల కలిపి, అరచేత్తో ముడత తీసి, సగానికి సగం. ఒక్కో దుప్పటీ పూర్తవగానే టీచరమ్మ "ఊఁ" అనేది. అది వినబడ్డాకే మరొకటి అందుకోవాలి. పద్ధతి బాగుందని ఇంట్లో తల్లి కూడా ఆమె తోమిన గిన్నె గిన్నెకూ ఊఁ కొట్టింది.

తల్లి బొత్తాలు కుట్టి బతుకుతోంది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటివాళ్ళను పిలవాలి. తన చూపు పూర్తిగా పోయేలోపు పిల్లకో పని దొరకాలి, అంతే ఆమె కోరిక. ఆసుపత్రి లాండ్రీ వాళ్ళు పని చూస్తాం రమ్మంటే, మునిగిపోయేదానికి గడ్డిపోచ దొరికినట్టయింది.

బుజ్జమ్మ మొదటి దుప్పటి ఎక్కడా వంక పెట్టలేనట్టు మడిచింది. మడిచి, గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. వెనక యంత్రం వేడి బట్టల్ని కక్కుతూనే ఉంది.

"ఏమ్మా, దుప్పటికి జోల పాడుతున్నావా?" పక్కనామె అంది. అందరూ నవ్వారు. బుజ్జమ్మ కూడా నవ్వింది. కదల్లేదు.

గుమ్మం దగ్గర కూర్చున్న తల్లి ఉగ్గబట్టుకోలేకపోయింది. "ఊఁ!"

బుజ్జమ్మ చేతులు చకచకా మరో దుప్పటి అందుకున్నాయి. సూపర్‌వైజరు వెనక్కి తిరిగింది.

"అదేంటి పెద్దమ్మా?"

"ఎవరో ఒకరు ఊఁ అంటే చాలు తల్లీ, కొండైనా మడిచేస్తుంది."

"పనికి వంక లేదు. కానీ మాకిక్కడ ఊపిరి తీసుకునే తీరికే లేదు. ఊఁ కొట్టడానికి ఇంకో మనిషిని పెట్టమంటావా?"

"నేనొచ్చి కూర్చుంటా. నాకేమీ ఇవ్వొద్దు."

"ఎన్నాళ్ళని?"

తల్లి కళ్ళు చికిలించి కూతురి వైపు చూసింది.

"సోమవారం మళ్ళీ తీసుకురా. ఒక్కతే చేస్తే ఉంచుకుంటా."

కేంద్రం వాళ్ళు పని నేర్పామని ఫొటోలు దిగారు. పనిచోట ఎవరూ మెచ్చుకోరన్న సంగతి మాత్రం నేర్పలేదు. కొన్నాళ్ళు పక్కన ఒకరుండి, ఆ ఊఁ మెల్లమెల్లగా మాన్పిద్దామని లాండ్రీకీ తోచలేదు. ఓడింది మాత్రం బుజ్జమ్మేనట!

ఇంటికి రాగానే తల్లి ఉన్న దుప్పట్లన్నీ మంచం మీద కుప్ప పోసింది. బుజ్జమ్మ ఒకటి మడిచి ఆమె ముఖంలోకి చూసింది. తల్లి పెదవులు బిగబట్టింది.

"బాలేదామ్మా?"

తల్లి తల తిప్పుకుంది. బుజ్జమ్మ దాన్ని విప్పి, ఇంకా శ్రద్ధగా మడిచింది. చూసింది. మళ్ళీ విప్పింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేనేం తప్పు చేశానమ్మా?"

ఇంకో క్షణం అక్కడుంటే నోరు జారి ఊఁ అనేస్తానని తల్లి బయటికి వచ్చి తలుపు వేసేసింది. లోపల దుప్పటి దులిపిన చప్పుడు. అరచేత్తో ముడత తీస్తున్న సవ్వడి. మళ్ళీ అదే దుప్పటి దులిపిన చప్పుడు.

ఆమె గొళ్ళెం మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.