అరచుట్టు తిప్పిన స్క్రూ

పాతబస్తీలో ఇద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర మెకానిక్ పని నేర్చుకున్నాం. నేను ముందు చేరాను, అతడు నాలుగేళ్ల తర్వాత. అయినా ఉస్తాద్ తన సొంత బండి ట్యూనింగ్ అతడికే ఇచ్చేవాడు. నా కడుపుమంట అక్కడే మొదలైంది. ఇప్పుడు కొత్త బళ్ల సంగతి కంప్యూటరే చూసుకుంటోంది, మాకు మిగిలినవి పాత మోటారు సైకిళ్లే. పైగా అతడు షెడ్డు పెట్టింది సరిగ్గా నా ఎదురుగా.

పాలు పోసే ఒకాయన పన్నెండేళ్లుగా నా దగ్గరికే వచ్చేవాడు. పోయిన చలికాలం ఆయన బండి ఎదురు షెడ్డులో కనిపించింది. పొరుగింటి పుల్లకూర రుచి అనుకుని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేకపోయాను. పని అయిపోయి వాళ్లిద్దరూ చాయ్‌కి వెళ్లినప్పుడు, నేను వెళ్లి, ఇంజన్‌లోకి పోయే పెట్రోలు-గాలి పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ అరచుట్టు తిప్పి పెట్రోలు తగ్గించి వచ్చాను.

మూడో రోజు పాలాయన నా దగ్గరికొచ్చాడు. "గల్లీలల్ల ఆగి ఆగి నడుస్తుందన్నా. గాయన ఏం జేసిండో ఏమో, జర నువ్వే సూడు."

స్క్రూ వెనక్కి తిప్పితే అయిపోయేది. కానీ రెండు నిమిషాల పనిలో నా గొప్ప ఏం కనబడుతుంది? మిక్చర్ పలచబడితే మంట నెమ్మదిగా పాకుతుంది, స్పార్క్ కాస్త ముందు పడితే సరిపోతుంది. స్పార్క్ ఎప్పుడు పడాలో నిర్ణయించే పాయింట్ల ప్లేటు వదులు చేసి టైమింగ్ ముందుకు జరిపాను. బండి చక్కగా నడిచింది. ఆ రోజు అన్నం రుచిగా తిన్నాను.

చోక్ సంగతి మరిచిపోయాను. మర్నాడు పొద్దున చలికి ఆయన చోక్ వేసి కిక్ కొట్టాడు. చోక్ వేస్తే మిక్చర్ చిక్కబడి మంట వేగంగా అంటుకుంటుంది, నేను ముందుకు జరిపిన స్పార్క్ మరీ ముందైపోయింది. కిక్ రాడ్ ఎదురు తన్ని, మోకాలి కింద ఎముక చిట్లింది.

కబురు తెలిసి, ఎదురు షెడ్డు అతడే వెళ్లి బండి తోసుకొచ్చాడు. ముందు స్క్రూ చూశాడు, తర్వాత పాయింట్లు, తర్వాత నన్ను. పాలాయనకు ఫోన్ చేసి, "సలికాలం గిట్లనే అయితది భాయ్, ఎవల తప్పు లేదు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పలచటి మిక్చర్‌కు టైమింగ్ మాత్రం ఎంట్రుకంత తేడా లేకుంట పెట్టినవ్. నాతోని గూడ కాదు."

తిడితే తిరిగి తిట్టేవాణ్ని, మనసు తేలికపడేది. పాలాయనను చూడ్డానికి వెళ్లే మొహం లేక వెళ్లలేదు. ఆయన కాలు కుదిరేదాకా రోజూ పొద్దున ఇల్లిల్లూ తిరిగి పాలు పోసింది అతడే. దానికీ ఓర్వలేకపోయాను.