ఒక్క దెబ్బ కొడితే

ఇప్పుడు నా స్నానాల గదికి లోపల గడియ ఉంది. అది వేసుకున్నప్పుడల్లా అక్క వీపు గుర్తొస్తుంది.

ఆడవాళ్లుగానే బతుకుతున్నా, కాగితాల్లో మగపేరు ఉందని మా ఇద్దరినీ మగవాళ్ల జైల్లో ఉంచారు. అక్కడ స్నానాల గదికి తలుపే లేదు. మొదట్లో నేను ఒంటిమీది బట్టలతోనే నీళ్లు పోసుకునేదాన్ని. అది చూసి, ఆ జైల్లోనే పరిచయమైన అక్క ఒకరోజు నాతో వచ్చింది. బకెట్ బోర్లించి, గుమ్మంలో నాకు వీపు పెట్టి కూర్చుంది. చేతిలో స్టీలు గ్లాసు.

"మా బాపు గోదావరిఖనిల బొగ్గుబాయిల గంట కొట్టెటోడు. ఒక్కటి కొడితె బొగ్గు డబ్బలన్ని ఆగాలె. నేను గూడ ఒక్కటే కొడుత. ఇనవడితె లోపల్నే ఆగు చెల్లె," అంది.

ఆ జైల్లో నన్ను ఆడపిల్లలా పిలిచింది ఆమె ఒక్కతే.

ఎవరైనా అటు వస్తే గ్లాసు ఒక్కసారి గోడకు తగిలేది. వాళ్ల వెకిలి మాటలన్నీ ఆమె వీపు మీదే పడేవి. వాళ్లు వెళ్లాకే "ఇగ రా" అనేది. ఆమె స్నానానికి నేను కాపలా కూర్చుంటే, చిన్న అలికిడికే గ్లాసు గోడకు కొట్టేసేదాన్ని.

"ఏంది చెల్లె, మొత్తం బాయే ఆపినవ్," అని లోపలి నుంచి నవ్వేది.

విడుదల రోజు నా చీర నాకు తిరిగిచ్చారు. కట్టుకుని గేటు వైపు నడుస్తుంటే వెనక ఒక్క దెబ్బ వినిపించింది. అలవాటుగా ఆగి, వెనక్కి తిరిగాను. కటకటాల అవతల నుంచి అక్క నన్ను కళ్లారా చూసుకుంది.

"మంచిగున్నవ్. ఇగ యాడ గూడ ఆగకు," అంది.